నెల్లూరు గుంటల్లో ట్రౌట్ బతుకుతుందా?

మాది ఇందుకూరుపేట వైపు. రొయ్యలకు వైరస్ తగిలి మా బాబాయి బాగా నష్టపోయాడు. ఇప్పుడు ఒక వ్యాపారి ట్రౌట్ పిల్లలు ఇస్తానని అడ్వాన్స్ అడుగుతున్నాడు.

నాకు తెలిసి ట్రౌట్ చల్లటి నీటి చేప. ఆక్సిజన్ బాగా ఉన్న పారే నీళ్లు కావాలి, 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. అందుకే కాశ్మీర్, హిమాచల్ లాంటి చోట్ల పెంచుతారు. మన గుంటల్లో ఎండాకాలం నీళ్లు 30 దాటతాయి కదా! బోరు నీళ్లూ వెచ్చగానే ఉంటాయి.

బాబాయేమో "ఇది కొత్త రకం, వేడికి తట్టుకుంటుందంట" అంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, మళ్లీ అప్పు చేస్తే కోలుకోలేడు. కోస్తాలో ఎవరైనా ట్రౌట్ వేసి చూశారా? అవి నిజంగా ట్రౌట్ పిల్లలేనా అని ఎలా గుర్తుపట్టాలి? దాని బదులు పండుగప్ప వేసినవాళ్లుంటే మేత, ఖర్చు వివరాలు చెప్పండి, బాబాయికి చూపిస్తాను.