పిల్లి కూనల సీజన్ ముంచుకొస్తోంది: బోనులు పెంచాలా, ఇంకేమైనా చేయాలా?

కిటికీపిల్లి అడిగిన ప్రశ్న:

పగటి వెలుతురు పెరిగే నెలలు దగ్గరకొచ్చాయి, ఇక కూనలు వరసకడతాయి. మా షెల్టర్‌లో పిల్లులకు 40 బోనులున్నాయి. మామూలు నెలల్లో రోజుకు సగటున 2 పిల్లులు వస్తాయి. సీజన్‌లో అది 6 దాకా పోతుంది, వాటిలో ఎక్కువ కూనలే. వచ్చిన పిల్లి దత్తతకు వెళ్లేదాకా సగటున 20 రోజులు పడుతోంది. డాక్టరు వారానికి ఒక రోజు వస్తారు, ఆ రోజు 12 స్టెరిలైజేషన్ ఆపరేషన్లు అవుతాయి. కూనల్ని ఇంటికి తీసుకెళ్లి పెంచే ఫోస్టర్లు ఐదుగురే.

దాత ఒకరు ఇంకో 20 బోనులకు డబ్బిస్తామంటున్నారు. కమిటీలో చాలామంది వెంటనే కొనేద్దామంటున్నారు. అవి ఎన్నాళ్లకు నిండిపోతాయో అని నా భయం. చేతిలో ఎనిమిది వారాలున్నాయి. ముందు ఏ పని పట్టుకోవాలి?

లెక్కలపుస్తకం జవాబు:

మీ భయం నిజమేనండి. మామూలు రోజుల్లో 2 వస్తాయి, 2 వెళ్తాయి. సీజన్‌లో 6 వచ్చి, వెళ్లేవి ఆ రెండే అయితే రోజుకు 4 మిగులుతాయి. కొత్త 20 బోనులు ఐదో రోజుకే నిండుతాయి.

లోపల ఉండే పిల్లుల సంఖ్య అంటే రోజుకు వచ్చేవి గుణించు అవి ఉండే రోజులు. 2 × 20 = 40, అందుకే ఇప్పుడు సరిగ్గా సరిపోతోంది. 6 × 20 = 120, అంటే 60 బోనులున్నా సగానికే చోటు. అదే 20 రోజుల్ని 10 చేస్తే 60 అవుతుంది. అందులో 25 కూనలు ఫోస్టర్ ఇళ్లలో ఉంటే లోపల 35 మిగులుతాయి, ఉన్న బోనులు చాలు.

పనివాళ్ల గంటలు కూడా లెక్కేయండి. ఒక్కో జంతువుకు రోజుకు కనీసం 15 నిమిషాలు పడుతుందని షెల్టర్లలో వాడే పాత లెక్క: శుభ్రం చేయడానికి 9, తిండి నీళ్లకు 6. 40 పిల్లులకు 10 గంటలు, 60కి 15, 120కి 30. మందులు, దత్తత కోసం వచ్చేవాళ్లతో మాట్లాడటం దీంట్లో లేవు. కొత్త బోనులతో పాటు కొత్త చేతులు రాకపోతే ముందు కోత పడేది శుభ్రతకే, ఆ వెనకే జబ్బు వస్తుంది.

ఇక రోజులు ఎక్కడ పోతున్నాయో చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి పీక బిగుస్తున్నది ఆపరేషన్ల దగ్గర. రోజుకు 6 అంటే వారానికి 42, మీకు అయ్యేవి 12. ఆపరేషన్ అయ్యాకే దత్తత కాబట్టి మిగతా 30 ఆరోగ్యంగా ఉండి కూడా వరసలో కూర్చుంటాయి. దాత ఒప్పుకుంటే ఆ డబ్బును అదనపు ఆపరేషన్ రోజులకు మళ్లించండి, నేనైతే ముందు అదే అడుగుతాను. తేదీలు కూడా ఆలోచించి పెట్టాలి. రెండు వారాల వయసులో వచ్చిన కూన ఆపరేషన్ బల్ల మీదకు వచ్చేది ఇంకో ఆరేడు వారాలకు, అంటే ఎనిమిది వారాలు దాటి బరువు 900 గ్రా. నుంచి కిలో అయ్యాక. కాబట్టి రాక పెరిగిన వారానికి కాదు, దానికి ఆరేడు వారాల తర్వాతి వారాలకు డాక్టరు డేట్లు ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అప్పటికప్పుడు ఎవరూ దొరకరు. అంత చిన్న కూనల్ని రాత్రంతా పస్తు పెట్టకూడదు. రెండు నుంచి నాలుగు గంటలు చాలు, ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మత్తు దిగేదాకా ఒళ్లు వెచ్చగా ఉంచాలి.

రోజూ ఉదయం ఒకరు కార్డులు పట్టుకుని బోను బోనుకీ తిరగాలి. ప్రతి కార్డు మీద ఒకటే అడగండి: ఈ పిల్లి దేనికోసం ఆగింది? టీకానా, ఆపరేషనా, ఫొటోనా? ఆ పని, దాని తేదీ, చేయాల్సిన మనిషి పేరు కార్డు మీద రాయండి. ఫొటో తీయలేదన్న కారణంతో నాలుగు రోజులు ఆగిపోయిన పిల్లులు ఈ తిరుగుడులోనే బయటపడతాయి.

పెద్ద పిల్లుల సంగతి కూడా మరవకండి. కూనలు వచ్చాక వాటివైపు ఎవరూ చూడరు, ఉండే రోజులు పెరిగిపోతాయి. సీజన్‌కు ముందున్న ఈ ఎనిమిది వారాల్లోనే వాటికి ఇళ్లు చూడాలి.

సీసాపాలు జవాబు:

ఫోస్టర్ల గురించి నేను చెప్తాను. ఐదుగురే ఉన్నారని అందర్నీ ఒకే పనికి పిలవకండి. "కూనల్ని పెంచుతారా?" అనగానే జనం రాత్రుళ్లు మేలుకుని సీసా పట్టడమే అనుకుని వెనక్కి తగ్గుతారు. పనిని మూడు ముక్కలు చేసి అడగండి. నాలుగు వారాలు దాటి, సొంతంగా తినే కూనలు: ఇవి ఎవరైనా పెంచగలరు, నాలుగు వారాల పని. తల్లితో ఉన్న కూనలు: పాలు తల్లే ఇస్తుంది, మనం తల్లికి కడుపునిండా పెట్టి కూనల్ని రోజూ తూచాలి. తల్లి లేని పసికూనలు: వీటికే అనుభవం కావాలి. కొత్తవాళ్లకు మొదటిసారే మూడో రకం అంటగట్టకండి. కూన చనిపోతే వాళ్లు మళ్లీ రారు.

ఫోస్టర్ కిట్లు ఇప్పుడే కట్టి పెట్టండి. ఒక్కోదాంట్లో ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా, థర్మామీటర్, వేడినీళ్ల బ్యాగు, పాత తువాళ్లు నాలుగు, 3 మి.లీ. సిరంజిలు, సీసాలు రెండు, పీకలు నాలుగు, కూనల పాలపొడి, దూది, బరువు రాసే కాగితం, ఎత్తు తక్కువ ట్రే, గడ్డకట్టని రకం లిట్టర్ (పిల్లి దొడ్డికి పోయే ట్రేలో పోసే గుళికలు). గడ్డకట్టే లిట్టర్ వద్దనడానికి కారణముంది: ఈ వయసు కూనలు అన్నీ నోట్లో పెట్టుకుంటాయి, అది కడుపులో ఉబ్బి ముద్దవుతుంది.

కొత్త పీకలకు చాలావాటికి రంధ్రం ఉండదు. ఇది తెలియక రాత్రి రెండింటికి "కూన తాగడం లేదు" అని ఫోన్లు వస్తాయి. కాల్చిన సూదితో పొడిచి, సీసా తలకిందులుగా పట్టుకుని చూడాలి. బొట్టు బొట్టుగా రాలితే సరి. ధారగా కారితే ఆ పీక పారేయాలి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నొక్కితే గానీ రాకపోతే రంధ్రం చిన్నదన్నమాట, కూన చప్పరించి చప్పరించి అలిసిపోతుంది.

పాలు పట్టే ముందు మీ చిటికెన వేలు కూన నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే పాలు పట్టకూడదు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే పేగులు కదలవు, తాగిన పాలు కడుపులోనే నిలిచి పులుస్తాయి, లేదా వాంతై ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. వేడినీళ్ల బ్యాగుకు తువాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కకే పెట్టి, గంట నుంచి మూడు గంటల్లో మెల్లగా వెచ్చబెట్టాలి. రెండో పక్క ఖాళీ ఉండాలి, వేడెక్కితే కూన అటు పాకుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో గబగబా వేడి చేయొద్దు.

పాలు 38 డిగ్రీలు, అంటే ముంజేతి మీద చుక్క వేస్తే గోరువెచ్చగా ఉండాలి. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టి వెచ్చబెట్టండి. మైక్రోవేవ్‌లో ఒకచోట కాగి ఒకచోట చల్లగా ఉంటాయి. ఒక్కసారికి 100 గ్రా. బరువుకు 4 మి.లీ. దాటొద్దు. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. రెండో వారం మూడు నాలుగు గంటలకు, మూడో వారం నాలుగైదు గంటలకు. కలిపిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలే. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. కూన బోర్లా ఉండాలి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలా. మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవాలి. ప్రతిసారీ తాగాక గోరువెచ్చని తడి దూదితో కింద మెల్లగా రుద్దితేనే ఒంటికి, రెంటికి పోతుంది. మూడు నాలుగు వారాలదాకా అది సొంతంగా పోసుకోలేదు.

కాటా అన్నది అలంకారానికి కాదు. పుట్టినప్పుడు సుమారు 100 గ్రా. ఉంటుంది, రోజుకు 10 నుంచి 15 గ్రా. పెరగాలి. రోజూ ఒకే వేళకు, పాలకు ముందు తూచండి. ఒక రోజు పెరగకపోతే మీకు ఫోన్ చేయాలి. తగ్గితే అదే రోజు డాక్టరు. విరేచనాలు, నీరసం కంటికి కనబడే ముందే కాటా చెప్పేస్తుంది.

ఫ్లీ పురుగులు నిండా ఉన్న కూన రక్తం తగ్గి చనిపోతుంది, కాబట్టి వాటిని తీసేయాల్సిందే. కానీ కుక్కల మందు వేయకండి. వాటిలో చాలావాటిలో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు ప్రాణాంతకం. పసికూనకైతే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలతో గోరువెచ్చని స్నానం, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, పళ్లు దగ్గరగా ఉన్న దువ్వెనతో దువ్వడం.

తెల్లకోటు జవాబు:

పై ఇద్దరూ చెప్పినవన్నీ చేసినా ఒక్క పాన్‌ల్యూకోపీనియా (కూనల్ని త్వరగా చంపే, వేగంగా అంటుకునే వైరస్ జబ్బు) కేసు సీజన్‌ని ముంచేస్తుంది. కాబట్టి టీకా గుమ్మం దగ్గరే వేయాలి. బోనులో పెట్టి రేపు వేద్దాం అంటే ఆ రాత్రే వైరస్ తగలొచ్చు. నాలుగు వారాలు నిండిన ప్రతి కూనకూ లైవ్ రకం (బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసిన) మూడు జబ్బుల టీకా, అంటే పాన్‌ల్యూకోపీనియాకు, జలుబు తెచ్చే రెండు వైరస్‌లకు, ఆపైన షెల్టర్‌లో ఉన్నంతకాలం రెండు వారాలకోసారి, 20 వారాల వయసు దాకా. ఇన్నిసార్లు ఎందుకంటే తల్లి పాలనుంచి వచ్చిన రక్షణ టీకాను అడ్డుకుంటుంది. అది ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. నట్టల మందు రెండు వారాల వయసు నుంచి, రెండు వారాలకోసారి.

రెండు ఈతల కూనల్ని ఎప్పుడూ కలపకండి. చోటు లేదని పక్క ఈతలో వేయడం, సీజన్‌లో నాకు తెలిసినంతలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. శుభ్రం చేసే వరస: ముందు ఆరోగ్యంగా ఉన్న కూనలు, తర్వాత పెద్దవి, తర్వాత క్వారంటైన్, చివర జబ్బువి. వెనక్కి నడవకూడదు.

ఈ వైరస్ మామూలు ఫినాయిల్‌కు, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావదు. నేల మీద ఏడాది కూడా బతకగలదు. బ్లీచ్ 5, 6 శాతందైతే 1 పాలుకు 32 పాళ్ల నీళ్లు, అంటే లీటరు నీళ్లకు సుమారు 30 మి.లీ. ముందు సబ్బుతో కడిగి మురికంతా తీసేయాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ మురికితోనే ఖర్చైపోతుంది. తర్వాత పది నిమిషాలు తడిగా ఉంచి, కడిగి ఆరబెట్టాలి. పిల్లి లోపల ఉండగా వాడొద్దు. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి బలం తగ్గుతుంది.

నిన్న ఆడిన కూన ఇవాళ చచ్చి పడుంటే "నీరసంతో పోయింది" అని రాసేయకండి. కుక్కల పార్వోకు (దీనికి దగ్గరి వైరస్‌తో వచ్చే విరేచనాల జబ్బు) వాడే మల పరీక్ష కిట్టే పాన్‌ల్యూకోపీనియాకూ పనిచేస్తుంది. పాజిటివ్ వస్తే ఆ గదిలోంచి ఏదీ కదలకూడదు, దగ్గరున్నవాటికి 14 రోజుల క్వారంటైన్.

దాత డబ్బులో కొంత మిగిలితే పక్కపక్క బోనుల మధ్య గోడకు రంధ్రం చేసి రెండిటినీ కలపండి. ఒకవైపు లిట్టర్, ఒకవైపు తిండి, పడక. శుభ్రం చేసేటప్పుడు పిల్లిని బయటికి తీయక్కర్లేదు. పిల్లులకు జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ ఒంట్లోనే దాగి ఉండి, కంగారు పడినప్పుడు పైకి లేస్తుంది. ఎంత తక్కువ కదిపితే అంత తక్కువ తుమ్ములు. బోనుల సంఖ్య తగ్గినట్టు కనబడుతుంది గానీ, జబ్బుపడి ఆగిపోయే రోజులు తగ్గుతాయి.

కిటికీపిల్లి:

అందరికీ చాలా థాంక్సండి. ఆపరేషన్ డేట్ల గురించి రేపే మాట్లాడతాను. ఇంకొక్కటి. తోటలో దొరికాయి, గోడ పక్కన దొరికాయి అని అట్టపెట్టెలో కూనల్ని పట్టుకొచ్చేవాళ్లకు ఏం చెప్పాలి? వద్దంటే ఎక్కడైనా వదిలేస్తారేమోనని అన్నీ తీసేసుకుంటున్నాం.

సీసాపాలు:

మీ ఫోన్ తీసేవాళ్లకు, గేటు దగ్గరుండేవాళ్లకు ఒక కాగితం మీద ఇవి రాసివ్వండి. కూనలు బొద్దుగా, శుభ్రంగా, ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతుంటే తల్లి వస్తోందని అర్థం. తిండి కోసం గంటల తరబడి బయటికి పోతుంది. మట్టికొట్టుకుపోయి, పొట్ట లోపలికి పోయి, ఆగకుండా అరుస్తుంటే తల్లి లేనట్టే. అనుమానంగా ఉంటే గూడు చుట్టూ పల్చగా మైదాపిండి చల్లి, దూరంగా వెళ్లిపోయి, కొన్ని గంటల తర్వాత పాదాల గుర్తులు చూడమనండి. మనిషి అక్కడే నిలబడితే తల్లి రాదు. ఒళ్లు చల్లబడినవీ, దెబ్బ తగిలినవీ అయితే ఆగకుండా తీసుకురావాలి.

ఇప్పటికే పెట్టెలో తెచ్చేసినా, అదే రోజైతే దొరికిన చోటే పెట్టి చూడమనొచ్చు. వాళ్లను ఉత్తచేతులతో పంపకండి. మీ ఫోన్ నంబరు, తల్లికి నాలుగు రోజుల తిండి, కూనలు ఎనిమిది వారాలకు రావలసిన తేదీ రాసిన చీటీ ఇవ్వండి. పెంచడానికి ఒప్పుకుంటే ఒక కిట్ కూడా. ఇలా వచ్చినవాళ్లలోంచే ఆరో ఫోస్టరు, ఏడో ఫోస్టరు దొరుకుతారు.

తెల్లకోటు:

ఆ చీటీ మీద తల్లి ఆపరేషన్ తేదీ కూడా ఉండాలి. పిల్లి చూలు 63 నుంచి 65 రోజులే. కూనలకు పాలిస్తూనే మళ్లీ ఎదకు వచ్చి చూలు కట్టగలదు. ఆ కూనల్లో ఆడవి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. కూనలు ఐదారు వారాలై తినడం మొదలెట్టాక తల్లిని తీసుకురమ్మనండి. పాలిచ్చే తల్లికి ఆపరేషన్ చేస్తే పాలు ఆగిపోతాయని చాలామంది భయపడతారు, ఆగవు. ఆపరేషన్ అయిన వీధి పిల్లికి చెవి కొన కత్తిరించండి, మళ్లీ పట్టుకోకుండా దూరం నుంచే తెలుస్తుంది. మీకున్న ఎనిమిది వారాల్లో వారానికి 12లో కనీసం నాలుగు చోట్లు వీధి ఆడపిల్లులకు అట్టిపెట్టండి, ముఖ్యంగా పోయినేడు కూనలు వచ్చిన వీధులవాటికి. ఎనిమిది వారాలకు 32 ఆడపిల్లులు అవుతాయి.