మళ్లీ లాక్‌డౌన్ లాంటిది వస్తే డెలివరీ చేసే మా తమ్ముడికి ఏం వస్తుంది?

శ్రావణి, జీడిమెట్ల:
నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తాను. జీతంలో ఈఎస్ఐ, పీఎఫ్ కట్ అవుతాయి. మా తమ్ముడు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. 2021 మేలో మా ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. నాకు ఈఎస్ఐ డిస్పెన్సరీలో సర్టిఫికెట్ రాసిచ్చారు. సిక్‌నెస్ బెనిఫిట్ కింద కూలిలో 70 శాతం అకౌంట్లో పడింది. వాడికి మాత్రం కోవిడ్ పాజిటివ్ రిపోర్ట్ అప్‌లోడ్ చేస్తేనే సాయం అని డెలివరీ కంపెనీ వాళ్లు అన్నారు. పొద్దున్నే వెళ్లి టెస్ట్ లైన్లో నిలబడితే కిట్లు అయిపోయాయని పంపేశారు. రిపోర్ట్ లేదు, రూపాయి రాలేదు. బైక్ ఈఎంఐ మాత్రం ఆగదు కదా. ఒళ్లు వెచ్చగా ఉండగానే డోలో వేసుకుని ఆర్డర్లకు వెళ్లిపోయాడు. ఆ బ్యాగులో అన్నం ఎవరెవరి ఇళ్లకు వెళ్లిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడు ఈ-శ్రమ్ కార్డు, అంటే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్రం కార్డు, తీయించమంటున్నారు. అది ఉంటే పనికి పోలేని రోజులకు ఏమైనా ఇస్తారా?

భాస్కర్, పీఎఫ్-ఈఎస్ఐ పనులు చూస్తాను:
ఇవ్వరమ్మా. అయినా తీయించండి, ఖర్చేమీ లేదు. 2025 బడ్జెట్‌లో గిగ్ వర్కర్లకు, అంటే మీ తమ్ముడిలా యాప్‌ల మీద పని చేసేవాళ్లకు, ఈ-శ్రమ్‌లో రిజిస్ట్రేషన్, ఆయుష్మాన్ భారత్ వైద్యం ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లోనే 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవన్నీ ఆస్పత్రిలో చేరితేనో, ప్రాణం పోతేనో. ఇంట్లో పడుకున్న రోజుల కూలి వీటిలో లేదు.

సామాజిక భద్రత కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఈ వర్కర్ల సామాజిక భద్రత నిధికి కట్టాలి, వర్కర్లకు చెల్లించే దానిలో 5 శాతం మించకుండా. స్కీములకు బీమా, ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం అని పేర్లు పెట్టారు. పని ఆగిన రోజుల భత్యం పేరు లేదు. చివర్లో ఇతర ప్రయోజనాలు అని ఉంది, దాని కింద అడగొచ్చు.

ఆటో, బెజవాడ:
మాకు 2020 జూన్‌లో ఆంధ్ర ప్రభుత్వం ఆటోవాళ్లకిచ్చే వాహనమిత్ర సాయం 10,000 పడ్డాయమ్మా. సొంత బండి ఉన్నోళ్లకే. మా స్టాండులో అద్దె ఆటో తోలే కుర్రాడికి రాలేదు. అందరికంటే ముందు ఇబ్బంది పడింది వాడే. స్కీము రాసేటప్పుడు బండి ఎవరిదని కాదు, తోలేది ఎవరని చూడాలి.

శ్రావణి:
నిజం అన్నా. భాస్కర్ గారూ, తమ్ముడు ఏ రోజు ఎంత సంపాదించాడో కంపెనీ యాప్‌లో పైసాతో సహా ఉంటుంది. అంతకుముందు నెలల సగటు తీసి, డాక్టర్ చీటీ మీద అందులో 70 శాతం ఇవ్వడానికి ఏం అడ్డం? టెస్ట్ రిపోర్టే కావాలని పట్టుబట్టకూడదు. ఆదివారం వాళ్ల జోన్ కుర్రాళ్లంతా కార్మిక శాఖకు అర్జీ రాస్తున్నారు. ఏ సెక్షన్ అని రాయమంటారు?

భాస్కర్:
సామాజిక భద్రత కోడ్ సెక్షన్ 114. ఆ సగటు లెక్క కూడా మీరు చెప్పినట్టే రాయించండి.