అప్‌డేట్: మదర్‌బోర్డు మార్చాక పాత విండోస్ లైసెన్సు

బ్రాండెడ్ డెస్క్‌టాప్‌తో వచ్చిన విండోస్ కొత్త మదర్‌బోర్డు మీద నడుస్తుందా అని అడిగాను కదా, సంగతి ఇదీ. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్చినప్పుడు నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అయింది. బోర్డు మార్చాకే పేచీ. స్క్రీన్ కుడివైపు కింది మూలన "యాక్టివేట్ విండోస్" అనే లేత అక్షరాలు తిష్ఠ వేశాయి. ట్రబుల్‌షూటర్‌లో "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను" నొక్కినా కదల్లేదు. విండోస్ 8 నుంచీ ఇలాంటి మెషీన్లలో విండోస్ కీ (లైసెన్సు కోడ్) మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, లైసెన్సూ ఆ బోర్డుకే. కమాండ్ ప్రాంప్ట్‌లో లైసెన్సు రకం చూపే slmgr /dli కొడితే నాకు ఓఈఎం (మెషీన్‌తో పాటు కంపెనీ ఇచ్చేది) అని వచ్చింది. అదే రిటైల్ (మనం విడిగా కొనేది) అయ్యుంటే కొత్త బోర్డుకి మార్చుకునే వీలుండేది. రెండు మూడొందలకి అమ్మే కీల జోలికి మాత్రం పోలేదు, అవి ఎక్కడివో ఎవరికెరుక! రిటైల్ కొని మైక్రోసాఫ్ట్ అకౌంటుకి లింక్ చేశాను. పాత బోర్డు, దాని విండోస్‌తో సహా, తమ్ముడికిచ్చేశా.