పన్ను తగ్గిస్తే ఖజానా నిండుతుందన్న వాదన ఇంకా ఎందుకు బతికుంది?

ప్రశ్న – ఎకనామిక్స్_పీజీ

అమెరికా రాష్ట్రం కాన్సస్‌లో 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 6.45 నుంచి 4.9 శాతానికి దించారు. ఎల్ఎల్‌సీల (లాభం నేరుగా యజమానుల ఆదాయంగా లెక్కకొచ్చే పరిమిత బాధ్యత సంస్థల) ద్వారా యజమానులకు వచ్చే లాభం మీద రాష్ట్ర పన్ను పూర్తిగా ఎత్తేశారు. 2014 ఆర్థిక సంవత్సరంలో రాబడి సుమారు 70 కోట్ల డాలర్లు పడిపోయింది. చివరికి 2017 జూన్‌లో, ఆయన పార్టీ ఆధిక్యంలో ఉన్న చట్టసభే వీటోను తోసిపుచ్చి ఆ కోతలు చాలావరకు వెనక్కి తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో వాషింగ్టన్‌లో మళ్లీ అదే పాట: కార్పొరేట్ పన్ను 35 నుంచి 21కి దించితే లోటు దానంతటదే పూడుతుందని! ఇంత జరిగాక కూడా ఈ వాదన ఎలా నెగ్గుకొస్తోంది?

జవాబు – లెక్కలపద్దు

అది పూర్తిగా అబద్ధం కాదు కాబట్టి. ఏ రేటు దగ్గర మాట్లాడుతున్నామన్నదే అసలు సంగతి. రెండు లెక్కలు వేయండి. పాత రేటును కొత్త రేటుతో భాగిస్తే, రాబడి తగ్గకుండా ఉండాలంటే పన్ను పడే ఆదాయం ఎంత పెరగాలో తెలుస్తుంది. రెండోది, పైన సంపాదించే ప్రతి వందలో చేతికి మిగిలేది ఎంత పెరిగిందో చూడాలి. ఎక్కువ సంపాదించడానికైనా, దాచినది బయటపెట్టడానికైనా ఆశ పుట్టించేది అదే.

మన దేశంలో 1973-74లో సర్‌చార్జీతో కలిపి ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 97.75 శాతం. వందలో మిగిలేది రూ.2.25. మరుసటి ఏడాది 77కి దించారు, మిగిలేది రూ.23. పది రెట్లు! రాబడి నిలబడటానికి ఆదాయం 27 శాతం పెరిగితే చాలు. అక్కడ వాదనలో పస ఉంది.

కాన్సస్‌లో మిగిలేది 93.55 నుంచి 95.10 డాలర్లకు చేరింది, అంటే 1.7 శాతం పెరుగుదల. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను కలిపి చూసినా 3 శాతం దరిదాపుల్లోనే. రాబడి నిలబడాలంటే మాత్రం ఆదాయం 31.6 శాతం పెరగాలి. 3 శాతం ఆశ చూపి 31 శాతం పంట ఆశించారన్నమాట. చర్చల్లో లాఫర్ వక్రం అనే వంపు గీత బొమ్మ (రేటు పెరిగేకొద్దీ రాబడి పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గుతుందని చెప్పేది) చూపిస్తారు గానీ, మనం దాని మీద ఎక్కడున్నామో చెప్పరు.

జవాబు – బడ్జెట్_పిచ్చి

పై లెక్క సరే గానీ, అంకెలు ఎంచుకునే తీరు కూడా చూడాలండీ. 1980ల నాటి అమెరికా అధ్యక్షుడు రీగన్ గురించి "పన్నులు తగ్గించినా రాబడి పెరిగింది" అంటారు. 1981లో సుమారు 59,900 కోట్ల డాలర్లు, 1989లో 99,100 కోట్లు. అంకెలు నిజమే. కానీ అందులో ధరల పెరుగుదల ఉంది, జనాభా ఉంది, 1982లో మళ్లీ పెంచిన పన్నులున్నాయి, 1983లో సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను పథకం) పన్నులో చేసిన మార్పులున్నాయి. జీడీపీతో భాగిస్తే 19.1 శాతం కాస్తా 17.8కి దిగింది.

ఇంకో మాయ మొదటి ఏడాదిది. 2013 జనవరిలో ఫెడరల్ పన్ను పెరగబోతోందని చాలామంది 2012 ఆఖర్లోనే షేర్లు అమ్ముకున్నారు. ఆ లాభాల మీద పన్ను రావడంతో 2013 ఆర్థిక సంవత్సరంలో కాన్సస్ రాబడి బాగున్నట్టే కనిపించింది. ప్రసంగానికి ఆ ఒక్క ఏడాది చాలు.

వాదన ఎంత త్వరగా కూలుతుందన్నది అప్పిచ్చేవాడి మీద ఉంటుంది. బ్రిటన్‌లో 2022 సెప్టెంబరు 23న ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు, బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ అంచనాలు జతచేయకుండానే. రోజుల్లోనే ప్రభుత్వ బాండ్ల (అప్పు పత్రాల) ధరలు కుప్పకూలాయి. అమెరికాకు డాలర్లలో అప్పు తేలిగ్గా పుడుతుంది కాబట్టి అంత శిక్ష పడదు.

జవాబు – ఎకనామిక్స్_పీజీ

మరి మన 2019 కార్పొరేట్ కోత?

జవాబు – లెక్కలపద్దు

దాన్ని ఇదే గాటన కట్టకండి. సర్‌చార్జీలు కాక రేటు 30 నుంచి 22కి, కొత్త తయారీ కంపెనీలకు 15కి దించినప్పుడు ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు వస్తాయన్నది వేరే వాదన, దానికి వేరే లెక్క కావాలి. వసూళ్లు మాత్రం 2018-19లోని 6.63 లక్షల కోట్ల నుంచి 2019-20లో 5.57 లక్షల కోట్లకు పడ్డాయి. ఇదంతా కోవిడ్ వల్లే అంటే ఒప్పుకోకండి, కంపెనీలు ఏడాదిలోనే ముందుగా కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదా మార్చి 15, లాక్‌డౌన్ ఆ తర్వాతే. వృద్ధి మందగించడం వల్ల పోయినదెంతో మాత్రం విడిగా తీసి చూడాలి.