రోహు స్పాన్ (కొత్తగా పొదిగిన చేపపిల్లలు) ఐదో రోజుకే అడుగున పడుతోంది, శెనక్కాయ చెక్క పొడి అరగడం లేదా?

ప్రశ్న (అనంతపురం):
సిమెంటు తొట్టికి బోరు నీళ్లు పట్టి, పొదిగి మూడు రోజులైన రోహు స్పాన్ వదిలాం. నీళ్లు 29 డిగ్రీలు. శెనక్కాయ చెక్క పొడి, తవుడు సమానంగా కలిపి రెండు పూటలా చల్లుతున్నాం. రెండు రోజులు బాగానే తిరిగినాయి. ఇప్పుడు తల పెద్దగా, ఒళ్లు పుల్లలా అయి అడుక్కు దిగుతున్నాయి. అరగకనా? ఎంజైమ్ పొడి ఏమన్నా కలపాలా అన్నా?

జవాబు 1:
ఎంజైమ్ కొనద్దు తమ్ముడూ. అరగడం తర్వాతి మాట, కడుపులోకి ఏమన్నా పోయిందా చూడు. పది పిల్లల్ని గాజు గ్లాసులో తీసుకుని వెలుతురుకు పెట్టి లెన్సుతో చూడు. ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి, తిన్నదైతే వెన్ను కింద ముదురు గీత కనిపిస్తుంది. ఆ గీత లేకపోతే అది ఆకలి చావే.

పొదిగిన పిల్లకు సొనసంచి (పొట్ట కింద ఉండే గుడ్డు సొన) సుమారు 72 గంటలు వస్తుంది. అది పూర్తిగా అయిపోకముందే నోరు తెరుచుకుంటుంది. లోపల పేగు అప్పటికి తిన్నని గొట్టం, ముడతలు తక్కువ. రోహుకు, బొచ్చెకు జీర్ణాశయం పెద్దయ్యాక కూడా రాదు, అంటే మాంసకృత్తుల్ని అక్కడ అరిగించే ఆమ్లం, పెప్సిన్ ఎంజైమ్ ఉండవు. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌ల మీదే అంతా నడవాలి. కొరమీను సంగతి వేరు, దానికి జీర్ణాశయం ఏర్పడుతుంది. అందుకే రోహు మొదటి మేత మెత్తగా, కదులుతూ, నోట్లో పట్టేంత చిన్నదిగా ఉండాలి. అంటే రోటిఫర్లు అనే సూక్ష్మ నీటి జీవులు, 0.1–0.2 మి.మీ. సైజువి. తేటగా ఉన్న బోరు నీళ్లలో అవి ఎక్కడివి?

జవాబు 2 (కర్నూలు):
పై మాట నిజం, కానీ చెక్క తప్పు కాదు. జీవప్లవకాలు (నీళ్లలో తేలే చిన్న జీవులు, ప్లాంక్టన్) ఉన్న నర్సరీ చెరువులో అది పైమేతగా పనికొస్తుంది: లక్ష స్పాన్‌కు రోజుకు 600 గ్రాములు, ఐదు రోజుల తర్వాత 1200. వదిలే ముందు 50 లీటర్ల నీళ్లు ప్లాంక్టన్ వలలో వడగడితే 1–2 మి.లీ. ప్లాంక్టన్ అడుగున దిగాలి. సైక్లాప్స్ అనే పెద్ద నీటి పురుగులు ఎక్కువైతే మాత్రం అవే స్పాన్‌ను కొరికి చంపుతాయి.

తొట్టిలో ఇంకో చిక్కుంది. గానుగ చెక్కలో మిగిలిన నూనె నీళ్ల మీద పొరలా పరుచుకుంటుంది. పిల్ల పైకొచ్చి గాలి మింగితేనే ఈత తిత్తి (చేపను నీళ్లలో తేల్చే గాలి సంచి) నిండుతుంది. పొర అడ్డమైతే తిత్తి నిండదు, పిల్ల మునుగుతుంది. గుడ్డతో పొర లాగేయండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. ఎక్కువ వాటికి గీత లేదన్నా. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1:
అడుగున పడినవి మేత పెట్టినా తినలేవు, వాటిని సైఫనుతో తీసెయ్యి. పైన ఈదేవాటికి పాత చెరువు నీళ్లను సన్నని జల్లెడలో వడగట్టి, కిందికి దిగిన రోటిఫర్ల నీళ్లే పొయ్యి. పైన నిలిచిన పెద్ద పురుగులు, సైక్లాప్స్ వద్దు. చెక్క పొడి రెండు రోజులు ఆపు.