ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో పర్యావరణం కోసం శాకాహారం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకంచం (ప్రశ్న):

ఇంట్లో నలుగురం. వారానికి రెండుసార్లు మటన్ లేదా బీఫ్, రెండుసార్లు చికెన్, ఒకసారి రొయ్యలు. చుట్టాలొచ్చినా, పండగొచ్చినా ముక్క లేకపోతే వంట చేసినట్టే లెక్క కాదు. వాతావరణ మార్పు మీద చదివాక మాంసం మానేయాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. పాలు, గుడ్లు ఉంచుకుంటాను. నా బరువు 62 కిలోలు, ఆరోగ్య సమస్యలేమీ లేవు. మిగతా ముగ్గురూ మానరు, మానమని అడగను కూడా.

నాకు తెలియాల్సినవి ఇవి. అన్నీ ఒకేసారి మానాలా, లేక ముందు ఏది మానితే ఎక్కువ ఫలితం? మాంసం బదులు చీజ్, పనీర్ ఎక్కువ తింటే సరిపోతుందా? రాజ్మా, మీల్ మేకర్ వండితే చప్పగా, రబ్బరులా వస్తున్నాయి, కడుపు ఉబ్బరం కూడా. తప్పు ఎక్కడ జరుగుతోంది? బి12 మాత్ర తప్పనిసరా? ఒకే వంటింట్లో రెండు రకాల వంట రోజూ ఎలా నెగ్గించుకోవాలి?

గాలిలెక్క:

ముందు ఏది మానాలో లెక్కతోనే చూద్దాం. 2018లో సైన్స్ పత్రికలో పూర్, నెమెచెక్‌ల అధ్యయనం వచ్చింది. 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాలు, ఫారాల వివరాలు అందులో ఉన్నాయి. 100 గ్రాముల ప్రొటీన్ మన కంచంలోకి రావడానికి వెలువడే వాయువులను కార్బన్ డయాక్సైడ్ కిందకు మార్చి చెప్తే ప్రపంచ సగటు ఇలా ఉంది: మాంసం కోసమే పెంచిన పశువుల బీఫ్ 50 కిలోలు, గొర్రె మాంసం 20, ఫారం రొయ్యలు 18, చీజ్ 11, పంది మాంసం 7.6, చెరువు చేప 6, కోడి 5.7, గుడ్డు 4.2, టోఫు 2, పప్పుధాన్యాలు 1 కిలో లోపే. ఫారాన్ని బట్టి ఈ అంకెలు చాలా మారతాయి. అయినా మాంసాల్లో అతి తక్కువ భారం వేసేవి కూడా సాధారణంగా పప్పుల కంటే పైనే ఉంటాయి.

మీ వారం పట్టికలో మొదట తీసేయాల్సింది బీఫ్, మటన్. ఆవు, గేదె, గొర్రె, మేక నెమరువేసే జంతువులు. వాటి పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టినప్పుడు మీథేన్ పుడుతుంది, అది ఎక్కువగా తేన్పుల రూపంలో గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 నుంచి 30 రెట్లు వేడెక్కిస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్ల దాకా. గాలిలో అది నిలిచేది సుమారు పన్నెండేళ్లే కాబట్టి ఈరోజు తగ్గించిన మీథేన్ ఫలితం మన కాలంలోనే కనబడుతుంది. మీరు వేస్తున్న అడుగుకి నిజంగా విలువ ఉందని నేననేది అందుకే.

మీ పట్టికలో రెండోది రొయ్యలు. మటన్ మానేసి రొయ్యలకు మారినవాళ్లకి దాదాపు ఏమీ కలిసిరాదు. చెరువుల అడుగున కుళ్లే మేత, నీళ్లు తిప్పే యంత్రాల కరెంటు, కొన్నిచోట్ల మడ అడవులు కొట్టి తవ్విన చెరువులు, ఇవన్నీ రొయ్యల భారాన్ని పెంచేవే. చికెన్ చివర మానండి.

ఇక చీజ్. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. కిలో గట్టి చీజ్‌కి పది లీటర్ల దాకా పాలు పడతాయి. పనీర్ అయినా లీటరు పాలు విరగ్గొడితే చేతికొచ్చేది సుమారు 200 గ్రాములు. ఆ పాలిచ్చేది నెమరువేసే పశువే కదా. చికెన్ మానేసి ఆ చోట రోజూ చీజ్ పెడితే మీ లెక్క తగ్గదు, పెరుగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు రుచికి పెట్టుకోండి, ముక్క ఖాళీ చేసిన చోటు మాత్రం పప్పులకే ఇవ్వండి.

"సోయా వల్ల అడవులు పోతున్నాయి కదా" అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడు వంతులకు పైగా పశువుల, కోళ్ల దాణాకే పోతుంది. టోఫు, సోయా పాలు లాంటి వాటికి వాడేది పదో వంతు కూడా ఉండదు.

దూరం నుంచి వచ్చిన సరుకు గురించి అంత బెంగ వద్దు. ఆహారం వల్ల వచ్చే మొత్తం భారంలో రవాణా వాటా సుమారు 6 శాతమే. విమానంలో వచ్చే తాజా పళ్లు, కూరగాయలు మాత్రం వేరే లెక్క, వాటిని తగ్గించండి.

నిప్పుసెగ:

రబ్బరు సంగతి నేను చెప్తాను. మీల్ మేకర్‌ని చాలామంది వేడినీళ్లలో ముంచి, తీసి, నేరుగా కూరలో వేసేస్తారు. అప్పుడు ముక్క నిండా ఉప్పులేని నీళ్లుంటాయి. కూరలో ఎంత మసాలా ఉన్నా లోపలికి పోవడానికి చోటే ఉండదు, పైగా ఆ నీళ్లు బయటికొచ్చి గ్రేవీ పల్చబడుతుంది.

100 గ్రాములకి లీటరు నీళ్లు, ఒక చెంచా ఉప్పు. నీళ్లు తెర్లాక ముక్కలు వేసి 5 నిమిషాలు ఉడికించి, స్టవ్ ఆపి 10 నిమిషాలు మూతపెట్టండి. వార్చి, చన్నీళ్లు పోసి, గుప్పెడు గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండండి. మొదటిసారి నురగతో పసుపుపచ్చ నీళ్లు వస్తాయి, సోయా పచ్చివాసన అందులోనే ఉంది. నీళ్లు మార్చి మళ్లీ పిండండి. మూడోసారికి నీళ్లు దాదాపు తేటగా వస్తాయి, ముక్క నొక్కితే స్పాంజిలా తిరిగి లేస్తుంది. అప్పుడే దానికి ఆకలేసినట్టు. రెండు చెంచాల గట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, కారం పట్టించి అరగంట ఉంచితే పిండిన నీళ్ల చోటులోకి అదంతా వెళ్తుంది. తర్వాత వెడల్పు పెనం మీద నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, గ్రేవీలో చివరి 8, 10 నిమిషాలకి వేయండి. నానబెట్టకుండా పొడిగా ఎక్కువసేపు వేయిస్తే తోలులా సాగుతుంది, తర్వాత ఎంత ఉడికించినా మెత్తబడదు.

రాజ్మాకి వేరే జాగ్రత్త ఉంది, ఇది రుచి కోసం కాదు. పచ్చి గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. అర ఉడుకు గింజలు తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు కుతకుత మరగాలి, 30 నిమిషాలైతే ఇంకా మంచిది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి అక్కడ సమస్య లేదు. స్లో కుక్కర్‌లో నేరుగా వేయడం మాత్రం ప్రమాదం: 80 డిగ్రీల దగ్గర ఆ విషం పోకపోగా పెరుగుతుంది.

గింజ ఎంతకీ ఉడకట్లేదంటే మూడు కారణాల్లో ఒకటి. గింజలు పాతవి, లేదా నీళ్లలో సున్నం ఎక్కువ, లేదా టమాటా, నిమ్మరసం లాంటి పులుపు ముందే పడింది. పులుపు తగిలితే తోలుని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరగదు. గింజ నలిగాకే పులుపు వేయండి. నానబెట్టే నీళ్లలో లీటరుకి 15 గ్రాముల ఉప్పు వేస్తే తోలు మెత్తబడుతుంది, లోపలికి ఉప్పు కూడా పడుతుంది. వంటసోడా చిటికెడు మించితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది.

ఉబ్బరానికి కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని విరిచే ఎంజైమ్ మన పేగుల్లో లేదు. అవి పెద్దపేగు దాకా వెళ్లి పులుస్తాయి, అక్కడే గ్యాస్ పుడుతుంది. నానిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతాయి. మొదటి రెండు వారాలు పొట్టు తీసిన పప్పులే, రోజుకి 30 గ్రాములు (ఉడకనప్పటి తూకం). ఆ తర్వాత మెల్లగా శనగలు, రాజ్మా. ఒక్కసారిగా 100 గ్రాములకి ఎగబాకితే ఎవరికైనా ఇబ్బందే.

చప్పదనం గురించి ఒక మాట. మాంసం కూరకి రుచినిచ్చేవి మూడు: నాలుక మీద నిలిచే ఉమామి, ఎర్రగా వేగిన వాసన, కొవ్వు. కూరలోంచి ముక్క తీసేసినప్పుడు ఈ మూడూ పోతాయి, వాటిని వేరే దారిలో తెచ్చుకోవాలి. ఎండు పుట్టగొడుగుల పొడి ఒక చెంచా, సోయా సాస్ ఒక చెంచా ఉమామికి. టమాటా ముద్ద రంగు ముదిరి నూనె వదిలేదాకా వేయించాలి, తొందరపడొద్దు. నూనె అలవాటుకంటే ఒక చెంచా ఎక్కువ. పుట్టగొడుగుల ముక్కలైతే వెడల్పు పెనంలో ఒకే వరసగా, మొదట నూనె గానీ ఉప్పు గానీ వేయకుండా వేడిచేయండి. నీరంతా వదిలి ఇగిరాకే నూనె. గిన్నెలో కుప్పపోస్తే అవి ఉడుకుతాయి తప్ప వేగవు.

కొత్తకంచం:

పిండడం మూడుసార్లా! నేను ఒక్కసారి కూడా పిండలేదు, తప్పు అక్కడే అన్నమాట. గాలిలెక్క గారూ, చీజ్ సంగతి కళ్లు తెరిపించింది. మరి పుట్టగొడుగులు, పనసకాయ వారంలో నాలుగు రోజులు తింటే ప్రొటీన్ సరిపోతుందా? బి12 కూడా ఎవరైనా చెప్పండి.

పోషణపద్దు:

సరిపోదండి. ఆ రెండూ పంటికి మాంసంలా తగులుతాయి గానీ పుట్టగొడుగుల్లో 100 గ్రాములకి ప్రొటీన్ సుమారు 3 గ్రాములు, పనసకాయలో అంతకన్నా తక్కువ. వాటిని కూరగాయల కింద లెక్కేసుకుని పక్కన ఒక పప్పుధాన్యం ఉండేలా చూసుకోండి.

కిలో బరువుకి 0.8 గ్రాముల చొప్పున మీకు రోజుకి 50 గ్రాములు చాలు. 75 గ్రాముల పప్పుల్లో 18, 300 గ్రాముల బియ్యం లేదా గోధుమల్లో 20 నుంచి 30, గ్లాసు పాలలో 8, గుడ్డులో 6. ఇవన్నీ ఉడకనప్పటి తూకాలు. మీల్ మేకర్ తిన్న రోజు ఇంకా తేలిక, 100 గ్రాముల పొడి ముక్కల్లో 50 గ్రాములుంటాయి. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, రెండూ తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఒకే పూట కలిపి తినాలన్న నియమం లేదు, ఒకే రోజులో వస్తే చాలు.

బి12 విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి. గ్లాసు పాలలో సుమారు 1, గుడ్డులో అర మైక్రోగ్రాము. పాలు ఎక్కువసేపు మరిగిస్తే అందులోనూ కొంత పోతుంది. అంటే గాలిలెక్క గారు చెప్పినట్టు పాల పదార్థాలు అదుపులో పెట్టుకుంటే బి12 కూడా తగ్గిపోతుంది, మాంసం మాని, పాల పదార్థాలు కూడా తగ్గించేవాళ్లు మాత్ర వేసుకోవాల్సిందే. రోజూ 50 మైక్రోగ్రాములైనా సరే, వారానికి ఒకసారి 2000 అయినా సరే. అంత పెద్ద అంకె చూసి కంగారుపడొద్దు. ఒక విడతలో శరీరం మామూలు దారిన పీల్చుకునేది 2 మైక్రోగ్రాముల లోపే, ఆపైన ఎంత వేసుకున్నా అందులో నూటికి ఒక వంతే లోపలికి పోతుంది. స్పిరులినా అనే నాచు పొడిని నమ్ముకోవద్దు, అందులో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం.

కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు మొదలయ్యాక తెలుసుకుంటే ఆలస్యమైనట్టే, నరాలకు జరిగిన నష్టం ఒక్కోసారి పూర్తిగా మానదు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్, లేదా దీర్ఘకాలం గ్యాస్ మాత్రలు వాడేవాళ్లలో బి12 పీల్చుకోవడం మరీ తగ్గుతుంది, వాళ్లు పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో డాక్టర్‌ని అడిగాకే మార్పు.

ఇనుముకి: పప్పు తినేటప్పుడు నిమ్మరసం, జామ, క్యాప్సికం లాంటి సి విటమిన్ ఉన్నది ఏదో ఒకటి. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా.

రెండుపొయ్యిలు:

ఇంటి సంగతి ఎవరూ తీయలేదు. పర్యావరణం కోసం మానుతున్నారు కాబట్టి ఇదే అసలు విషయం: ఇంటికొచ్చే మాంసం తూకం తగ్గాలి. నలుగురికి కిలో తెచ్చే ఇంట్లో మీరు మానాక కూడా కిలోనే వస్తే, మీ వాటా మిగతా ముగ్గురూ తింటారు, లేదా చెత్తలోకి పోతుంది. మీరు మానినా ఒక్క గ్రాము కూడా తగ్గనట్టే. మానిన రోజే సరుకులు తెచ్చేవాళ్లతో మాట్లాడి 750 గ్రాములకి దించండి.

వంట రెండుసార్లు అక్కర్లేదు. ఉల్లి, టమాటా, అల్లం వెల్లుల్లి ముద్ద ఒకేసారి కిలో వండి, 250 గ్రాముల డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. వండే రోజు ఆ ముద్దని రెండు గిన్నెల్లోకి పంచి, ఒకదాంట్లో ముక్క, ఇంకోదాంట్లో ఉడికించిన శనగలో మీల్ మేకరో వేయండి. గింజలు కూడా అరకిలో ఒకేసారి ఉడికించి ఫ్రీజర్‌లో పెడితే పనిరోజు పావుగంటలో కూర అయిపోతుంది. మీ గిన్నె కాస్త పెద్దదిగానే వండండి. బాగుంటే మిగతావాళ్లే వడ్డించుకుంటారు, ఆ పూట వాళ్ల ముక్కలు మిగులుతాయి, మరుసటివారం తూకం ఇంకొంచెం తగ్గుతుంది. భోజనాల దగ్గర వాతావరణ మార్పు మీద మాట్లాడితే మాత్రం ఆ గిన్నె ఎవరూ ముట్టరు.

పిలుపులకి వెళ్లేముందు రెండు రోజుల ముందే చెప్పండి. అప్పుడైతే వాళ్లు తక్కువ కొంటారు. వడ్డించాక వద్దంటే ఆ మాంసం అప్పటికే కొన్నదీ, వండిందీ. వెళ్తూ నలుగురికి సరిపడా ఒక వంటకం చేసి తీసుకెళ్లండి. సూప్‌లో ఎముకల రసం, చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్, స్వీట్‌లో జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ వంటివి మతం వల్లో, జీవహింస వద్దనో మానేవాళ్లకి ముఖ్యం. మీ లెక్కలో వాటి బరువు చాలా స్వల్పం. ఎక్కడ గీత గీస్తారో ముందే ఇంట్లో చెప్పేస్తే ప్రతిసారీ వాదన ఉండదు.