తక్కువ ధర కార్బన్ రిమ్‌లు: వెనక చక్రానికి ఎంత బరువుది తీసుకోవాలి?

29 అంగుళాల మౌంటెన్ బైక్‌కి చైనా నుంచి నేరుగా కార్బన్ రిమ్‌లు తెప్పించాలి. లోపలి వెడల్పు 30 మి.మీ., 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు, 148 మి.మీ. బూస్ట్ హబ్ (వెనక చక్రం మధ్యలో ఉండే వెడల్పు రకం హబ్), స్పోకులకి 32 రంధ్రాలు. తేలనిది బరువే. 400 గ్రాముల రిమ్ రాళ్ల దారిలో అంచు పగులుతుందేమోనని భయం. అల్యూమినియంలా సొట్టపడి ఊరుకోదు కదా. ముందు తేలికది, వెనక 480 గ్రాములది వేస్తే సరిపోతుందా? అంచు మందం ఎంతుంటే నమ్మొచ్చు?

స్పోకు రంధ్రాలు మధ్య నుంచి 3 మి.మీ. పక్కకి జరిపిన రిమ్ అయితే రెండువైపులా స్పోకుల బిగువు దగ్గరపడుతుంది, అదే తీసుకుందామనుకుంటున్నాను. మరి అమ్మేవాళ్లు ఇచ్చిన ఈఆర్‌డీ (రిమ్‌లో స్పోకుల చివరలు చేరే చోటి వ్యాసం) నమ్మి స్పోకులు కొనొచ్చా, రిమ్ చేతికొచ్చాక కొలవాలా? ఈఆర్‌డీ 4 మి.మీ. తప్పితే స్పోకు పొడవు 2 మి.మీ. తప్పుతుంది. వాడినవాళ్లు దయచేసి చెప్పండి.